ఎడమ అంచు పైకి

మొన్న ఆస్పత్రి డ్యూటీ దిగి అలిపిరి వైపు నడిచి వస్తుంటే వాన పట్టుకుంది. దారి పక్కనున్న కలప అడితి చూరు కింద నిలబడ్డాను. లోపల దేవదారు పలకలు కోస్తున్నారు. తడిగాలితో ఆ పొట్టు వాసన తగలగానే ఒళ్లు జలదరించింది. వేడినీళ్లు నింపిన చెక్కతొట్టి వాసన అది. దాని వెనకే రాజేశ్వరక్క గుర్తొచ్చింది. ఆమె గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటూ, రాస్తే ఎవరు నమ్ముతారులే అని ఊరుకుంటూ వచ్చాను.

మాది పూతలపట్టు దగ్గర పల్లె. నర్సింగు చదువు మధ్యలో ఆగిపోయి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, పడమటి కొండల మీద ఒక బెంగళూరాయన జపాను పద్ధతిలో పెద్ద విశ్రాంతి నిలయం కట్టించాడనీ, అక్కడ పనికి ఆడపిల్లలు కావాలనీ చర్చిలో ఎవరో చెప్పారు. వెళ్లాను. కాగితం తలుపులు, నేలంతా గడ్డిచాపలు, ఊటనీళ్లు కాచి నింపే చెక్కతొట్లు. కార్లలో వచ్చిన పెద్దవాళ్లు ఫోన్లు గేటు దగ్గరే అప్పగించి, మాటాపలుకూ లేకుండా రోజులు గడిపి వెళ్లేవాళ్లు. అతిథుల బాగోగులన్నీ రాజేశ్వరక్క చేతిమీదుగా జరిగేవి. ఆమె చిత్తూరు బజారులో బట్టల కొట్టున్న ఇంటి ఆడపడుచు. భర్త ఉద్యోగం వల్ల జపాను వెళ్లి, ఆయన పోయాక కూడా అక్కడే ఒక వేడినీళ్ల సత్రంలో ఏళ్ల తరబడి పనిచేసింది. ఎన్నాళ్లు ఎక్కడున్నా మాట మాత్రం చిత్తూరుదే.

మొదటిరోజే నాకు యుకాటా చుట్టడం నేర్పింది. అతిథులు అక్కడున్నన్నాళ్లూ కట్టుకునే బూడిదరంగు నూలు అంగీ అది. కుడి అంచు లోపలికి, ఎడమ అంచు పైకి రావాలి. నేను కంగారులో తిరగేసి చుట్టుకున్నాను. ఆమె దగ్గరికొచ్చి ముడి విప్పి, సరిచేసి కట్టింది. ఎటు చుడితే ఏమని అడిగాను.

“కుడిది పైకొచ్చేట్ల చుట్టేది పోయినోళ్లకు పాపా. మన దగ్గిర గూడా పోయినోళ్లకి అన్నీ తిరగేసే చేస్తారు గదా, అట్లనే.”

ఆ తర్వాత నేనెప్పుడూ పొరపడలేదు. వచ్చిన ప్రతి అతిథికీ మొదటిరోజున ఆ పాఠం చెప్పే పని నాకే అప్పగించింది.

కొండమీద మంచు పట్టిందంటే పక్క గది కూడా కనిపించేది కాదు. అలాంటి ఉదయాల్లో స్నానశాలలో ఎవరూ లేనప్పుడు నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినిపించేది. మొదట కుళాయి కారుతోందనుకున్నాం. వెళ్లి చూస్తే తొట్టి నిండుగా ఉండేది, పలకల నేల మాత్రం అప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు తడిగా ఉండేది. వంటామె పని మానేస్తానంది. అదంతా మీ భ్రమ అని రాజేశ్వరక్క ఒక్కసారి కూడా అనలేదు. ఒకరోజు ఆ చప్పుడు వస్తుండగానే నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, తలుపు కొద్దిగా జరిపి, నడుము వంచి దండం పెట్టి, నీళ్లు వేడిగా ఉన్నాయి, నిదానంగా కానివ్వండి అని చెప్పి మళ్లీ మూసింది. లోపల చప్పుడు ఆగిపోయింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి కూడా చల్లగా, చెమటతో ఉంది.

“నాకూ బయమే. బయపడితే పడినాం. మర్యాద మాత్రం తప్పగూడదు,” అంది.

ఆ ఏడు వానాకాలంలో నెల్లూరు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. భార్య పోయి కొన్ని నెలలైంది. ఎవరి ముఖమూ చూసేవాడు కాదు. ఒక మధ్యాహ్నం అతిథులందరూ మౌనంగా అడవిలో నడిచి వస్తుండగా మంచు కమ్మేసింది. గేటు దగ్గర చూసుకుంటే ఆయన లేడు. ఆ దారికి ఒక పక్క నిలువునా లోయ. కాపలావాళ్లు కేకలు వేస్తూ లోపలికి వెళ్లారు. ఆయన దారి తప్పాడో, తప్పాలనే వెనకబడ్డాడో అన్న అనుమానం మా అందరికీ ఉంది, పైకి అనలేకపోయాం. రాజేశ్వరక్క గేటు దగ్గరి కంచుగంట ఆపకుండా కొడుతూనే ఉంది. ఆమె చేతులు పట్టేస్తే నేను అందుకున్నాను.

చీకటి పడకముందే ఆయన మంచులోంచి నడిచి వచ్చాడు, ఒక్కడే. ఒక చెయ్యి కొద్దిగా ముందుకు చాపి ఉంది, ఎవరో పట్టుకుని నడిపిస్తున్నట్టు. గేటు దాటాక ఆ చేతిని చూసుకుని నెమ్మదిగా కిందికి దించాడు. దుప్పటి కప్పి టీ ఇచ్చాను. రెండు గుక్కలు తాగి చెప్పాడు.

“లోయ అంచున నిలబడ్డానమ్మా. మీరు పంపిన ఆవిడ వచ్చి చెయ్యి పట్టుకుంది. ఒక్క మాటా మాట్లాడలేదు, ఇక్కడి నియమం కదా. కానీ ఆమె అంగీ తప్పుగా చుట్టుకుంది. కుడి అంచు పైకి ఉంది. మీరు నేర్పినట్టు లేదు.”

మేం ఎవరినీ పంపలేదు. రాజేశ్వరక్క మాత్రం తడబడకుండా, ఆమెకు చెబుతానండీ అంది. ఆయన్ని గదిలో పడుకోబెట్టి, నన్ను పిలుచుకుని అడవిదారి మొదలయ్యే చోటికి వెళ్లింది. మంచు తప్ప ఏమీ లేదు. గాలి కూడా లేదు.

“మా పెద్దాయన్ని బద్రంగా తెచ్చి వదిలినావు. శానా మేలు తల్లీ,” అని నడుము వంచింది. నేనూ వంగాను. మా తలలు కిందికి ఉండగా, ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, గంజిపెట్టిన నూలుబట్ట మడతపడిన సన్నటి చప్పుడు వినిపించింది. ఎవరో తిరిగి వంగినట్టు. తల ఎత్తే ధైర్యం నాకు లేకపోయింది.

వెనక్కి వస్తూ ఆమె చెప్పింది. నిలయం తెరిచిన తొలి ఏడు ఒకావిడ ఒంటరిగా వచ్చి అక్కడే నిద్రలో పోయిందట. సొంతవాళ్లు వచ్చేసరికి మరుసటి రోజైంది. ఆలోగా రాజేశ్వరక్కే వేడినీళ్లతో ఒళ్లు తుడిచి, తనకు తెలిసిన పద్ధతిలో యుకాటా చుట్టి కూర్చుందట.

“ఆ ముడి నేను కట్టిందే, కరుణా,” అంది.

పెద్దాయన వారం తర్వాత కొడుకుతో ఫోనులో మాట్లాడి, ఊరికి వెళ్లిపోయాడు. మరుసటేడు నన్ను కూడా రాజేశ్వరక్క పంపించేసింది. ఇట్లా సేవ చేసే చేతులుండే పిల్ల ఈ కొండమీద ఆగిపోకూడదని, కాలేజీవాళ్లతో తానే మాట్లాడి ఆగిన చదువు పూర్తి చేయించింది. తిరుపతిలో ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్లకు యజమాని నిలయం మూసేశాడు. చివరికి ఊపిరితిత్తులు చెడిపోయి ఆమె వచ్చి చేరింది నేను పనిచేసే వార్డులోనే.

ఒక సాయంత్రం మంచం కాళ్ల వైపు చూస్తూ, ఎవరో వచ్చారంది. పక్కనున్న ఆమె తమ్ముడు ఎవరూ లేరక్కా, పడుకో అన్నాడు. ఆమె నా వైపు చూసింది.

“ఎంతసేపని నిలబెడతారు. కుర్చీ ఎయ్యి పాపా.”

అక్కడ నాకు గోడ తప్ప ఏమీ కనిపించలేదు. కుర్చీ తెచ్చి వేసి, ఆ వైపు తిరిగి, కూర్చోండి అన్నాను. ఆమె ముఖం విచ్చుకుంది. అలాగే నిద్రలోకి జారుకుంది. తెల్లవారేసరికి పోయింది.

ఇప్పుడు మా వార్డులో ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్లు చాలామంది అలా ఖాళీ చోటు వైపు చూస్తారు. చుట్టాలు వాళ్లను సముదాయిస్తారు, కొందరు కసురుతారు. నేను వెళ్లి కుర్చీ వేస్తాను. కూర్చోండి అంటాను. ఇన్నేళ్లయినా ఆ మాట అనేటప్పుడు నాకూ భయమే. అయినా అంటాను.