మూలనున్న పాత తేదీ

ఆయన్ని అందరూ బోర్డులాయన అనే పిలుస్తారు. మిషన్లలోంచి బోర్డులు చుట్టలు చుట్టలుగా ప్రింటై వచ్చే ఈ రోజుల్లో కూడా నిచ్చెనెక్కి ఈల వేసుకుంటూ చేత్తో అక్షరాలు రాసే మనిషి. రాసిన ప్రతి బోర్డుకూ కింద కుడి మూలన తన పొడి అక్షరాలూ, ఆ రోజు తేదీ చిన్నగా వేస్తాడు. తర్వాత ఎన్నిసార్లు మెరుగులు దిద్దినా ఆ తేదీని మాత్రం ముట్టుకోడు. "నా రంగు ఎన్నేళ్లు నిలిచిందో నలుగురూ చూడాలి కదా" అంటాడు. పోనీలెండి, మనిషన్నాక ఏదో ఒక గర్వం ఉండాలి. కానీ ఆ గర్వమే చివరికి ఆయన కొంప ముంచింది.

చెవి మిషన్ల షాపు బోర్డు కూడా ఆయన చేతిదే. "చెవి మిషన్లు నెల అద్దెకు. చేరిన రోజు ఎంతో జీవితాంతం అంతే. గ్యారంటీ" అని జానెడు అక్షరాలు రాశాడు. రాస్తూ ఉండగానే భార్య గుర్తొచ్చింది. ఆవిడకు వినపడక తొమ్మిదేళ్లు. ఎవరేం చెప్పినా చిన్నగా నవ్వి తలూపేది. అలా తలూపే ఒకసారి ఇంటికొచ్చిన వ్యాపారి దగ్గర అక్కర్లేని దుప్పట్లు నాలుగు కొనేసింది. బోర్డులాయన నిచ్చెన దిగి, చేతికంటిన రంగు గుడ్డతో తుడుచుకుని, నేరుగా లోపలికెళ్లి సంతకం పెట్టేశాడు.

మిషను పెట్టుకున్న మర్నాడు ఆవిడ అన్న మాట ఇది: "ఏమండీ, తొమ్మిదేళ్లయినా మీ ఈల ఏం బాగుపడలేదండీ." ఆయన అంత సంతోషంగా తిట్లు తిన్న రోజు ఇంకోటి లేదు.

ఏడాదిన్నర గడిచింది. షాపు మేనేజరు కబురు పెట్టాడు.

"మాస్టారూ, బోర్డు కాస్త వెలిసింది, మెరుగులు దిద్దండి. గ్యారంటీ పక్కన చిన్న నక్షత్రం గుర్తు వేసి, అడుగున 'షరతులు వర్తిస్తాయి' అని రాయండి. చిన్నక్షరాలు చాలు."

బోర్డులాయనకు అక్షరమంటే వంపూ, కొలతా, రంగూ. అర్థం జోలికి పోయే అలవాటు లేదు. ఈల వేసుకుంటూ రాసేశాడు. చెప్పొద్దూ, నక్షత్రం ముచ్చటగా కుదిరింది కూడా. మూలనున్న తేదీని ఎప్పట్లాగే వదిలేశాడు.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. అద్దె మూడింతలు, కట్టలేకపోతే మిషను వాపసు ఇవ్వాలని. ఆయన సంపాదనకు అది అయ్యే పని కాదు. వినియోగదారుల కోర్టుకెక్కాడు.

"మేం రాసుకున్న కాగితంలో గ్యారంటీ అన్న మాటే లేదు" అన్నాడు షాపు లాయరు.

జడ్జీగారు ఒప్పుకోలేదు. "బోర్డు మీద అంత స్పష్టంగా మాటిచ్చారు. దాన్ని నమ్మే ఆయన సంతకం పెట్టాడు. ఆ మాటకు మీరు కట్టుబడాల్సిందే" అంది ఆవిడ. బోర్డులాయన ప్రాణం లేచొచ్చింది.

లాయరు తొణకలేదు. బోర్డు ఫొటో తీసి ఆయన ముందు పెట్టాడు.

"ఈ నక్షత్రం, ఈ షరతుల లైను రాసిందెవరు?"

"నేనేనండి. కానీ తర్వాత రాశాను. మొన్నమొన్ననే."

"దానికి రసీదేమైనా ఉందా?"

"చేతికి డబ్బులిచ్చారు. మా పనికి రసీదులేముంటాయండి."

"మూలనున్న తేదీ మీరు వేసిందేనా?"

"నేనేనండి."

"మీరు సంతకం పెట్టిన రోజుదా, ఆ తర్వాతదా?"

"ఆ రోజుదేనండి. పాత తేదీ ఉంచడం మా పనిలో పద్ధతి."

"నక్షత్రం లేనప్పటి ఫొటో ఏదైనా ఉందా?" అని జడ్జీగారు తనే అడిగింది.

"బోర్డు ఎదురుగానే ఉంది కదమ్మా. ఫొటో ఎందుకనుకున్నాను."

ఆవిడ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. "మీరు అబద్ధమాడుతున్నారని నేననుకోవడం లేదు. కానీ మీ చేత్తో వేసిన తేదీయే మీకు అడ్డంగా ఉంది. నేనేం చెయ్యను?"

ఇంటికొచ్చి భార్యతో కేసు పోయిందన్నాడు. ఎలా పోయిందని ఆవిడ రెండుసార్లు అడిగింది. చెవిలో మిషనుంది, ఏం చెప్పినా వినపడుతుంది. చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాడు ఇద్దరూ షాపుకెళ్లారు. ఆవిడే మిషను తీసి, రుమాలుతో తుడిచి, పెట్టెలో పెట్టింది. "మీ ఈల బాధ తప్పిందిలెండి" అంది నవ్వుతూ, అవసరం లేనంత గట్టిగా. మేనేజరు తలెత్తకుండా పెట్టె అందుకున్నాడు.

బయటికొచ్చాక బోర్డు కిందే ఆగిపోయాడాయన. పైన తాజా రంగులో నక్షత్రం మెరుస్తోంది.

"అది నేనే వేశానే" అన్నాడు. "ఏం రాస్తున్నానో చూసుకోలేదు. నీ చెవులు నా చేత్తో నేనే మూసేశాను. నన్ను క్షమించు."

ఆవిడ ఆయన మొహంలోకి చూసి, చిన్నగా నవ్వి, తలూపింది.