మలేషియా పోవడానికి సాగర్ బస్సు

ఆ రోజుల్లో మా ఇబ్రహీంపట్నంలో పనిలేని మనిషంటూ ఉండేవాడు కాదు. నిజంగా ఏ పనీ లేనివాడికి కూడా జేబులో ఒక కార్డు ఉండేది. దాని మీద పేరు, ఫోను నంబరు, కింద బంగారు రంగు అక్షరాల్లో ‘మార్కెటింగ్ మేనేజర్’ అని ఉండేది. రాష్ట్రం వచ్చిన కొత్త. సాగర్ రోడ్డుకు అటూ ఇటూ నిన్నటిదాకా కందిచేలుగా ఉన్నవి తెల్లారేసరికి సున్నపు గీతలు, రంగు జెండాలు, సిమెంటు కమాను తగిలించుకుని వెంచర్లు అయిపోయేవి. డిగ్రీ మధ్యలో పెళ్లి, పెళ్లి మధ్యలో డిగ్రీ పూర్తి చేసి, ముప్పై నిండకముందే ఇద్దరు పిల్లల తండ్రినైన నేను కూడా ఒక వెంచర్ ఆఫీసులో చేరాను. ఆదివారాలు పట్నం నుంచి వచ్చేవాళ్లను జీపెక్కించి, కంపచెట్ల మధ్య నిలబెట్టి, "ఈడ పార్కు వస్తది సార్, ఆడ ఈతకొలను వస్తది" అని గాలిలో చేతులు తిప్పడం నా పని. (ఆ పార్కులో ఇప్పటికీ మేకలే తిరుగుతున్నాయి. ఈతకొలను మాత్రం వానాకాలంలో దానంతటదే వస్తుంది.)

ఆ ఆఫీసుల్లో ఒక ఆచారం ఉండేది, ఇప్పుడూ ఉందేమో. ఏడాదంతా బాగా ప్లాట్లు అమ్మినవాళ్లను ఫంక్షన్ హాల్లో స్టేజీ ఎక్కించి, పూలదండ వేసి, నల్లకోటు తొడిగి, పరదేశం టూరు ప్రకటించేవాళ్లు. నేను ఎలా అమ్మానో నాకే తెలియదు గాని, ఆ యేడు నా పేరు పిలిచారు. టూరు మలేషియాకు, కుటుంబంతో సహా. కోటు భుజాల దగ్గర వదులుగా, పొట్ట దగ్గర బిగుతుగా ఉంది. అయినా ఏప్రిల్ ఎండలో దాన్ని వేసుకునే ఇంటికి వచ్చాను.

ఆ వార్త వినగానే మా ఇంట్లో ఎగిరి గంతేసింది మా బిడ్డ. అప్పుడు నాలుగో తరగతి. శంషాబాద్‌లో దిగే విమానాలు మా డాబా మీదుగా పోతుంటాయి. రోజూ సాయంత్రం పైకెక్కి, తలెత్తి, "గిది దుబాయ్‌ది, గిది ఢిల్లీది" అని తమ్ముడికి చెప్పేది. తప్పు చెబుతోందని అనగలిగినవాడు మా గల్లీలో ఎవడూ లేడు కాబట్టి అన్నీ నిజమే. విమానం కడుపు కింది నుంచి మాత్రమే చూసిన ఆ పిల్లకు లోపలి నుంచి చూడాలని ఎంత ఆశగా ఉందో నాకు తెలుసు. తెలిసీ ఆ రాత్రి మా ఆవిడతో, "పిల్లలను మీ అమ్మ దగ్గర ఉంచి మనిద్దరం పోదాం" అన్నాను.

"పిల్లలు రాకుంటే నేను రాను. నీ టై అన్ననే తోల్కపో" అని ఆమె అటు తిరిగి పడుకుంది.

టై అన్న అంటే మా ఆఫీసులో నాకంటే ముందు చేరినవాడు. ఎండాకాలంలో సున్నపు గీతలు వేయించేటప్పుడు కూడా టై విప్పేవాడు కాదు. అప్పటికే రెండు దేశాలు తిరిగొచ్చాడు కాబట్టి పరదేశం విషయంలో ఆయన మాటే మాట. "తమ్మీ, పిల్లలను తీస్కపోయినవనుకో, నువ్వు మలేషియా చూడవ్. మలేషియాల బాత్రూములు చూసొస్తవ్" అన్నాడు. మా అమ్మ సంగతి వేరు. "విమానంల కిటికీలు తెరుస్తరా కొడుకా? చిన్నోడు చెయ్యి బయట వెడ్తడు" అని ఆమె ఫికర్. చిన్నోడు అంటే మా కొడుకు, అప్పటికి ఐదేళ్లవాడు.

ఇక్కడ ఒక నిజం చెప్పేయాలి. పిల్లలు అల్లరి చేస్తారనీ, అలిసిపోతారనీ నేను పదిమందికి చెప్పుకున్న కారణాలన్నీ వట్టివే. అప్పటిదాకా నేను తిరుపతి దాటి పోలేదు. విమానాశ్రయంలో ఎటు నడవాలో, బెల్టు ఎలా పెట్టుకోవాలో, ఇంగ్లీషులో అడిగితే ఏం చెప్పాలో ఒక్కటీ తెలియదు. ఇంట్లో మాత్రం మా బిడ్డ దృష్టిలో నాకు తెలియనిది ఈ భూమ్మీద లేదు. లెక్కలైనా, పాము పుట్టలైనా, చంద్రుడి మీద మచ్చలైనా "బాపును అడుగుత" అనేది. అలాంటి పిల్ల ముందు నేను బిక్కమొహం వేసుకుని నిలబడతానేమోనని భయం. ఆ భయాన్ని బయటికి చెప్పుకునే ధైర్యం లేక, దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టాను.

మర్నాడు పొద్దున్నే ఒక కాగితం రాసి క్యాలెండర్ పక్కన అంటించాను. మలేషియాకు విమానంలో నాలుగు గంటలు పడుతుందట. ఇబ్రహీంపట్నం నుంచి నాగార్జునసాగర్‌కు బస్సులో కూడా కాస్త అటూ ఇటూగా అంతే. కాబట్టి వచ్చే ఆదివారం సాగర్ బస్సులో పిల్లలకు పరీక్ష. సీట్లోంచి లేవొద్దు, కొట్లాడొద్దు, ఏదీ అడగొద్దు, కక్కొద్దు. ఇందులో ఒక్కటి తప్పినా ఇద్దరూ అమ్మమ్మ ఇంటికే. బిడ్డ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"చిన్నోడు ఫెయిలైతే నేను గూడ పోవద్దా బాపు?"

"అవ్. ఇద్దరిది ఒక్కటే పరీక్ష."

"మరి నువ్వు పాసైనవా?"

"నాకెందుకు పరీక్ష? నేను కోటు తెచ్చుకున్న గద" అన్నాను.

నా ధీమాకు కారణం ఉంది. చిన్నోడు బస్సెక్కితే యాచారం దాటకముందే కక్కేవాడు. ఇది మా చుట్టాలందరికీ తెలిసిన సంగతి. వాణ్ని పెళ్లిళ్లకు తీసుకుపోయినప్పుడు మారు చొక్కా లేకుండా మా ఆవిడ గడప దాటేది కాదు. ఇబ్రహీంపట్నం నుంచి యాచారం ఎంతో దూరం కాదు. అక్కడ దిగి, ఆటో పట్టుకుని, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చేయొచ్చని మనసులో లెక్క కట్టుకున్నాను. తండ్రిగా నేను చేసిన పనుల్లో గొప్పవి కొన్ని ఉండొచ్చు, ఇది మాత్రం వాటిలోది కాదు.

ఆదివారం డిపో దగ్గరికి చేరేసరికి బస్సు చుట్టూ జనం. అలవాటు ప్రకారం కిటికీలోంచి నా దస్తీ విసిరి ఒక సీటు, చిన్నోడి టోపీ విసిరి ఇంకో సీటు ఆపాను. దస్తీ పడ్డ సీటు మనది అనేది మా వైపు రాసి లేని చట్టం. దాన్ని తీసి కూర్చునే ధైర్యం పోలీసుకు కూడా ఉండదు. పిల్లలిద్దరినీ ఒక సీట్లో కూర్చోబెట్టి, నేను వాళ్ల ముందు సీట్లో కూర్చున్నాను, అదీ వెనక్కు తిరిగి. పరీక్ష పెట్టేవాడు పిల్లలను చూడాలి కదా. వంటి మీద నల్లకోటు (విమానానికి అలవాటవుతుందని), కడుపులో డిపో ముందు తిన్న నాలుగు మిరపకాయ బజ్జీలు. నా పక్కన కూర్చున్న ముసలాయన కాసేపు చూసి, "గట్ల ఎనక్కి సూడకు కొడుకా, తల తిరుగుతది" అన్నాడు. నేను విననట్టు ఉన్నాను.

యాచారం వచ్చింది. చిన్నోడి మొహంలోకి ఆశగా చూశాను. వాడు నన్నే చూస్తూ, రెండు చేతులు ఒళ్లో పెట్టుకుని, స్కూల్లో ఫోటోకు కూర్చున్నట్టు కూర్చున్నాడు. యాచారం పోయింది. మాల్ అనే ఊళ్లో బస్సు ఆగగానే కీరకాయలు, పల్లీలు, సోడాలు కిటికీల దాకా వచ్చాయి. ఉప్పూ కారం చల్లిన కీరకాయ కొని, వాళ్ల ఎదురుగా కరకరలాడించాను. చిన్నోడి గొంతు ఒక్కసారి కదిలింది. అక్క వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతే, ఎవరూ ఏమీ అడగలేదు. అప్పుడు నాకు చిన్నగా చెమట పట్టింది. అది ఓడిపోతున్నానని పట్టిన చెమట అనుకున్నాను గాని, అసలు సంగతి వేరు.

ఇంకాస్త పోయాక రోడ్డు వంపులు తిరిగింది. కిటికీలో చెట్లన్నీ నాకు ఉల్టా దిక్కున పరుగెత్తాయి. డ్రైవరు బ్రేకు కొట్టినప్పుడల్లా కోటు పొట్ట దగ్గర బిగిసింది. పిల్లల మొహాలు రెండు నాలుగయ్యాయి. కండక్టరును పిలుద్దామని నోరు తెరిచాను, మాటకు ముందే బజ్జీలు వచ్చాయి. ఆ తర్వాతి సంగతి నేను చూడలేదు. నా గదవ కింద ఒక పాలిథిన్ కవరు మాత్రం ఎక్కడి నుంచో వచ్చి పట్టుకుంది. నుదుటి మీద ఒక చిన్న అరచెయ్యి.

"బాపు ఫెయిల్! బాపు ఫెయిల్!" అని చిన్నోడు సీటు మీద లేచి నిలబడి అరిచాడు. బస్సులో ముందు సీటు నుంచి వెనక సీటు దాకా అందరికీ నా ఫలితం తెలిసిపోయింది.

"కూసో! లేస్తే నువ్వు ఫెయిల్" అని అక్క గదిమింది. వాడు టక్కున కూర్చున్నాడు.

ఆమె తన స్కూలు సంచిలోంచి నిమ్మకాయ తీసింది. ముక్కు దగ్గర పెట్టుకొమ్మంది. ఉప్పు పొట్లం విప్పి, "జర నాలుక మీద ఏస్కో బాపు" అంది. ముసలాయన నన్ను ముందుకు తిప్పి కూర్చోబెట్టాడు. అప్పుడు చిన్నోడు చెబితే తెలిసింది నాకు. వారం రోజులుగా ఆమె స్కూలు నుంచి రాగానే చిన్నోణ్ని పీట మీద కూర్చోబెట్టి, చున్నీతో నడుము కట్టి, గడియారం చూసి లేవనిచ్చేదట. ఆ పొద్దున వాడికి నీళ్లు కూడా తాగనివ్వలేదట. కవర్లు, నిమ్మకాయ, ఉప్పు అన్నీ వాడి కోసం తెచ్చుకున్నవే. వాడికి ఒక్కటీ అవసరం పడలేదు. సాగర్‌లో దిగాక నేను ఒక అరుగు మీద పడుకున్నాను. పిల్లలు నాకు చెరోవైపు కూర్చుని, డ్యామ్‌ను అక్కడి నుంచే చూశారు. నన్ను వదిలి దగ్గరికి పోదామని ఒక్కరూ అనలేదు. జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. సిగ్గుతో పాటు ఇంకేదో కూడా కలిగింది, ఆ పిల్ల నా బిడ్డ అయినందుకు.

తిరుగు ప్రయాణంలో ముందుకే చూస్తూ కూర్చున్నాను. ఇంటికి చేరేసరికి మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమైంది పరీక్ష?"

చిన్నోడు నోరు తెరిచాడు. బిడ్డ చటుక్కున వాడి నోట్లో పల్లీపట్టీ కుక్కింది.

"ముగ్గురం పాసైనం అమ్మా" అంది.

మా ఆవిడ బిడ్డను చూసింది, తర్వాత నా మొహం చూసింది, చివరికి కోటు చెయ్యి చూసింది. "కోటు ఇటియ్యి, నానేస్త" అంది. అంతకుమించి ఈరోజు దాకా ఒక్క మాట అడగలేదు. నేను లోపలికి పోయి క్యాలెండర్ పక్కన కాగితం పీకేశాను.

నలుగురమూ పోయాం. విమానం తలుపు దాటగానే, ఏం పూనిందో గాని, ముందుకు ఉరికి, కిటికీ పక్క సీటు మీద నా దస్తీ వేసి ఆపాను. సీటు నంబర్లు ఉంటాయని తెలియక కాదు, చెయ్యి ఆగలేదు. విమానంలో పనిచేసే అమ్మాయి ఆ దస్తీని రెండు వేళ్లతో తీసి, నవ్వుతూ నా చేతికిచ్చింది. నేను భయపడ్డ ఘడియ అదే. బిక్కమొహం వేసుకుని బిడ్డ వైపు చూశాను. ఆమె మా నంబర్లు చదివి, వెనకాల వరసలో మా సీట్లు వెతికి, "ఇటు రా బాపు" అంది, ఎంత మామూలుగానంటే, దారి చూపించడం ఎప్పుడూ తన పనే అన్నట్టు. ఆ పూట నా గొప్పతనం పోయిందని నేను అనుకున్నాను గాని, పోయినట్టు ఆమెకు అసలు తెలియనే తెలియదు. కిటికీలోంచి కిందికి చూసి, మా ఇబ్రహీంపట్నం చెరువు అదేనని తమ్ముడికి చూపించింది. అదో కాదో నాకు తెలియదు, అవునన్నాను.

ఇప్పుడు ఆ బిడ్డకు ఉద్యోగం. కిందటి నెల ఒక సాయంత్రం డాబా మీద ఫోను పెద్దగా పెట్టి, హాస్టల్లో ఉన్న తమ్ముడితో మాట్లాడుతోంది. నేను మెట్ల మీద ఆగిపోయాను. ఈసారి బిడ్డ జీతంతో జపాన్ టూరు అట, నా మీద వాళ్లు చర్చ పెట్టారు. "బాపుకు బీపీ ఉన్నది, ఊకె కడుపుల తిప్పుతది. అంత సేపు కూసుంటడా? అమ్మను తోల్కపోదం, బాపును ఈడనే ఉంచుదం" అంటున్నాడు చిన్నోడు. (వాడి మాటల్లో నా పాత మాటలు అచ్చంగా వినిపించాయి.) నేను పైకెక్కి, "నాకు గూడ సాగర్ బస్సు పరీక్ష పెడ్తరా ఏంది?" అన్నాను, నవ్వులాటకే అన్నట్టు.

బిడ్డ తల కూడా తిప్పలేదు. "నీకెందుకు బాపు పరీక్ష? నువ్వు ఎప్పుడో పాసైనవ్ గద" అంది.

ఒక్కోసారి ఆ బస్సులో వెనక్కు తిరిగి కూర్చున్న నల్లకోటువాడు గుర్తొస్తాడు. పాపం, ముప్పై ఏళ్లు కూడా లేవు, పిల్లల ముందు చిన్నబోతానేమోనని ఎంత భయపడ్డాడో. వాడి భుజం తట్టి, ముందుకు తిరిగి కూర్చోరా, వెనక పిల్లలు బాగానే ఉన్నారు అని చెప్పాలనిపిస్తుంది. నిన్న ప్రయాణం సంచులు సర్దుతుంటే బిడ్డ చేతిసంచి ఒకటి తెరిచి ఉంది. పాస్‌పోర్టుల కింద మడతపెట్టిన పాలిథిన్ కవర్లు నాలుగు, చిన్న ఉప్పు పొట్లం కనిపించాయి. చూడనట్టే సంచి మూసేశాను.