నేను ముందే నింపిన గడి

ఏడేళ్లుగా ఒక మాట నాలోనే దాచుకున్నాను. ఇంట్లోవాళ్లకు చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెబుతున్నాను.

రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డాక్టర్ని. కేసు షీట్లను కంప్యూటరులోకి మార్చే పని నాకు అప్పగించారు. రాత చాకిరీతో మేమంతా రోగి మొహం చూడడమే మానేశామని నిజంగానే బాధపడేవాణ్ని. అందుకే వీలైనన్ని గడులు ముందే నింపించాను. 'పడని మందులు' అన్నచోట 'లేవు' అని పెట్టించాను. ఎక్కువమందికి ఉండవు కదా, ప్రతిసారీ రాయడం దేనికి అనుకున్నాను.

కాగితాల రోజుల్లో సిస్టర్లు మంచం పక్కన నిలబడి, ఏ సూదైనా పడదా అని అడిగి, ఉంటే అట్ట మీద ఎర్ర సిరాతో రాసేవారు. ఖాళీ గడి కనబడితేనే ఆ ప్రశ్న గుర్తొచ్చేది. ఆ ఖాళీని నేను తీసేశాను.

యానాం వైపు నుంచి ఒక మత్స్యకారుడు వచ్చాడు. చేప ముల్లు గుచ్చుకుని చెయ్యి చీము పట్టింది. వార్డు కిటకిటలాడుతోంది. ఎవరూ అడగలేదు. ఇచ్చిన ఇంజెక్షన్ పడక గంటలోపే పోయాడు. ఆ మందు పడదని అతని భార్యకు తెలుసు.

ఆ రోజు వార్డులో డ్యూటీలో ఉన్న సిస్టర్ రత్నకుమారి విచారణలో నా వైపే చూసింది.

"నేను ఆ గడి ముట్టుకోలేదండి. పేజీ తెరిచేసరికే అలా ఉందండి. మీకు తెలుసు కదండీ."

తెలుసు. మా ఇద్దరికి తప్ప ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు.

"పేజీ కింద, నింపినవారి పేరు దగ్గర మీ పేరే ఉందమ్మా," అన్నాను.

ఆమె ఉద్యోగం పోయింది. వారం తిరక్కుండా ఆ గడిని గుట్టుగా ఖాళీ చేయించాను. అంటే తప్పెక్కడుందో నాకు అంత బాగా తెలుసన్నమాట. రాత భారం తగ్గించానని ఆ ఏడాదే ఆసుపత్రివాళ్లు నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

ఎందుకు నోరు విప్పలేదు? నిజం చెబితే కంప్యూటరు పని మూలపడి అందరూ మళ్లీ కాగితాల్లో కూరుకుపోతారని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. సాకు. పేరు పోతుందని భయపడ్డాను, అంతే.

మొన్న ధవళేశ్వరంలో మందుల షాపులో ఆమె కనబడింది. అక్కడ పనిచేస్తోంది. నన్ను గుర్తుపట్టింది. మాత్రలు చేతికిచ్చేముందు, వచ్చినవాళ్లందరినీ అడిగినట్టే, పడని మందులేమైనా ఉన్నాయా అండి అని అడిగింది. లేవన్నాను. మాత్రలు తీసుకుని వచ్చేశాను.

ఆ రోజు ఆ గడిలో 'లేవు' అన్నది రత్నకుమారి రాత కాదు. నాది. ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఈ మాట ఆమెకు ఇంకా చెప్పలేదు.