అక్క అడిగిన కోళ్ల సంగతి

మొన్న ముత్తంగి రింగు రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే ఒక కోళ్ల లారీ నా ముందు నుంచే పోయింది. జాలీల్లోంచి లేచిన ఈకల దుమ్ము మీద పడగానే పక్కనున్న వాళ్లందరూ ముఖాలు తుడుచుకుని మళ్లీ ఫోన్లు చూసుకోసాగారు. నేను మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయాను, నా బస్సు వచ్చి వెళ్లిపోయిన సంగతి కూడా తెలియలేదు.

ఎనభైల చివర్లో మేము గుమ్మడిదల వైపు ఒక పల్లెలో ఉండేవాళ్లం. మా ఆయనకు పటాన్‌చెరులో మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ దొరికాక, ఒక్కదాన్నే సేద్యం చేయలేక, ఇంటి వెనక చెలకలో రేకుల షెడ్డు వేయించి గుడ్ల కోళ్లు పెంచాను. మాకు పిల్లలు లేరు. ఆయన ఇంట్లో ఉంటే నిద్ర, లేకపోతే డ్యూటీ. అలాంటి ఇంట్లో నాకు మాట్లాడే దిక్కు పక్కింటి అక్క ఒక్కతే. తోడబుట్టిన అక్క కాదు, నాకంటే ఓ పదేళ్లు పెద్ద, అంతే. మా రెండు ఇళ్ల మధ్య నడుమెత్తు మట్టిగోడ మీదుగా కూర గిన్నెలూ కబుర్లూ అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి.

ఆ ఏడాది పెట్టలు ఇంకా గుడ్లకు రాకముందే ఒక్కొక్కటీ కుంటడం మొదలుపెట్టాయి. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాచి, ఊకలో పక్కకు ఒరిగి, దాణా కళ్లముందే ఉన్నా అందుకోలేక చూస్తూ ఉండేవి. కొన్నింటి కళ్లు బూడిద రంగుకు తిరిగాయి. పశువుల డాక్టరు వచ్చి, చచ్చిన పెట్టను కోసి, తొడలోని నరం దారంలా ఉండాల్సింది ఉబ్బి తాడులా అయిందని, కాలేయం నిండా తెల్లటి గడ్డలు లేచాయని నాకు చూపించారు. ఇది ఒక వైరస్ వల్ల కోళ్లకు వచ్చే క్యాన్సరనీ, మనుషులకు రాదనీ చెప్పారు. పిల్లలప్పుడే వేయించిన టీకా ఎందుకు పనిచేయలేదో ఆయనా తేల్చి చెప్పలేకపోయారు.

ఆయన చెప్పిన దాంట్లో ఊరికి వినిపించింది ఆ ఒక్క పేరే. మా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఆ పేరు పలకాలన్నా జనం గొంతు తగ్గించేవారు. దానికి తోడు అక్క కడుపునొప్పితో పట్నం పెద్దాసుపత్రికి వెళ్లి వచ్చింది అప్పుడే. ఆమెకేమైందో ఊరందరికీ తెలుసు, ఆమెకు మాత్రం కడుపులో పుండు అని చెప్పారు. ఏళ్ల తరబడి ఆమె తిన్నవి నా షెడ్డు గుడ్లే కదా! జనం రెండూ కలిపేశారు. బోరింగు దగ్గరికి నేను వెళితే ఆడవాళ్లు బిందెలు పక్కకు జరుపుకునేవారు. అక్క కొడుకులు మా వైపు గోడ మీద ముళ్లకంప వేశారు. డాక్టరు చెప్పిన మాట ఎంతమందికని చెప్పను? మా ఆయన కూడా డ్యూటీ నుంచి వచ్చి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, నా ముఖం చూడకుండా అన్నం తినేవాడు.

మిగిలిన కోళ్లను సున్నం చల్లి గోతిలో పూడ్చాక, ఒక మధ్యాహ్నం ఖాళీ షెడ్డు ఊడుస్తుంటే వాకిట్లో అలికిడైంది. చూస్తే అక్క. పొలం నుంచి కొడుకులు రాకముందే చూసుకుని, గోడ పట్టుకుంటూ చుట్టూ తిరిగి వచ్చింది. ఎంత చిక్కిపోయిందో, రవిక భుజాల మీద నిలవడం లేదు. షెడ్డు గడప మీద కూర్చుని చాలాసేపు ఆయాసపడింది.

"నీ కోళ్లకు గడ్డలైనయంట గదా చెల్లె. ఎట్లైనయి?" అంది.

నేను భయపడుతూనే చెప్పాను. ఆ వైరస్ ఈకల దుమ్ములో ఉంటుందట, కోడిపిల్లలుగా ఉన్నప్పుడే ఊపిరితో లోపలికి పోయి, నెత్తురులో చప్పుడు చేయకుండా దాగి, వారాలు గడిచాక నరాల్లోనూ కాలేయంలోనూ గడ్డలు లేపుతుందట. అక్క ఎంతో శ్రద్ధగా విన్నది, బడిలో కూర్చున్నట్టు.

"నొప్పి ఉంటదా వాటికి?"

"ఏమో అక్కా, అవి చెప్పలేవు గదా. తిండి మీద పానం పోతది, అందుకోనీకి రాదు."

"మందు లేదా?"

"వచ్చినంక లేదు."

అక్క తల ఊపింది. నాకు అప్పుడు అర్థమైంది, ఆమె అడుగుతున్నది కోళ్ల సంగతి కాదని. దుఃఖం ఆగక, "కోళ్లది కోళ్లకే అక్కా, అది మనుషులకు రాదు, డాక్టరు సారు చెప్పిండు, నీది వేరే," అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

ఆమె మాత్రం నా చేయి పట్టుకుని, "నాది వేరేనే. నీ గుడ్లతోని కాలేదని నాకు ఎర్కనే. ఇంట్ల ఎవ్వరు చెప్తలేరు చెల్లె. అడిగితే దిక్కులు చూస్తుండ్రు. జెర సేపు ఈడనే కూసుంట," అంది.

ఆ తర్వాత నడవగలిగినన్నాళ్లూ వచ్చింది. ఇద్దరం ఆ ఖాళీ షెడ్డులో కూర్చుని కోళ్ల గురించే మాట్లాడుకునేవాళ్లం, ఎన్నాళ్లు బతికాయి, ఆఖరున నీళ్లు తాగాయా లేదా అని. నాకు తెలిసినంతవరకు నిజమే చెప్పాను. ఒకరోజు రాలేదు, మర్నాడూ రాలేదు. వారం తిరక్కముందే పక్కింట్లో ఏడుపులు వినిపించాయి. నన్ను ఎవరూ పిలవలేదు. ముళ్లకంప సందులోంచి చూస్తే ఆమె పాదాలు మాత్రం కనిపించాయి.

మేము చెలక అమ్మేసి పటాన్‌చెరు వచ్చేశాం. మా ఆయన పోయి కూడా చాన్నాళ్లయింది. ఇప్పుడు ఆ జబ్బు పేరు పలకడానికి ఎవరూ భయపడరు. రోగి చేతికే కాగితాలిచ్చి, కూర్చోబెట్టి అన్నీ చెబుతారు, అది మంచిదే. మా పై అంతస్తులో ఒకావిడ తలకు రుమాలు కట్టుకుని ఆసుపత్రికి పోయి వస్తుంటుంది. ఆమెకూ తెలుసు, మాకందరికీ తెలుసు. కాసేపు కూర్చోమని పిలుద్దామని ఆమె అడుగుల చప్పుడు వినగానే లేస్తాను. మోకాళ్లు సహకరించి నేను గుమ్మం దాకా వెళ్లేసరికి, పైన తలుపు వేసుకున్న చప్పుడు వినిపిస్తుంది.