వరిగడ్డి కుక్కిన చక్రం

హనోకన్న సైకిల్ వెనక చక్రం వాల్‌ట్యూబు పీకి కాలువలో పారేసింది నేనే. 1996లో మా దగ్గర మూడు ఆటలు కలిపి ఒకే పోటీ పెట్టారు. వర్ని కాలువలో ఈత, అక్కణ్ణుంచి బోధన్ దాకా సైకిల్, ఆపైన ఊరి చుట్టూ పరుగు. గెలిచినవాడు హైదరాబాద్ పోటీకి వెళ్తాడు.

నాకు ఈత నేర్పింది చెరుకు కొట్టే హనోకన్నే. నాలుగు పుస్తకాలు చదివిన నేను ఆయన వెనక రావడమేమిటని కడుపు మండింది. ఈతకు ముందే ఆ పని చేశాను.

నీళ్లలోంచి ఆయనే మొదట లేచాడు. చక్రంలో గాలి లేదు. పొలం దారిలో పంచరైతే చేసినట్టే, ట్యూబు లాగేసి, గట్టు మీది వరిగడ్డి టైరులో కుక్కి తొక్కాడు. జనం వెళ్లిపోయాక బోధన్ చేరి, ఒక్కడే పరుగు కూడా పూర్తి చేశాడు. నేను నాలుగోవాణ్ణి.

నాలుగేళ్ల తర్వాత కంఠేశ్వర్‌లో దవాఖానా ముందు కనిపించాడు. మోకాలు పాడైందట. ఉండబట్టలేక చెప్పేశాను.

"ఎరుకే తమ్మీ. గా పొద్దు నా దిక్కు సూడకుంట తొక్కుకుంట పోయినవ్, గప్పుడే సమజైంది," అన్నాడు. "నువ్వన్న హైదరాబాద్ పోతవనుకున్న. గదీ పోకపోతివి. మరెందుకు పీకినవ్‌రా?"