మా యారాలు దయ్యం కథలోకి ఎక్కిన వైనం

నిన్న పొద్దున పప్పుకు పోపు పెడుతుంటే ఒకామె ఫోన్ చేసి, హారర్ రచయిత్రి మీరేనా అని అడిగింది. రాంగ్ నంబర్ అని పెట్టేయబోయాను. నా పేరూ, మా నాచారం గల్లీ పేరూ చెప్పేసరికి ఆగాను. భయానక కథల పుస్తకం ఒకటి కొత్తగా వేస్తున్నారట, నా దగ్గర ఉన్న కథ పంపమంది. లేదన్నాను. ఉన్న పళంగా ఒకటి రాసి పంపమంది. ఎట్లా రాయాలో తెలియదన్నాను. పెద్ద రచయితలందరూ ఇట్లాగే అంటారని ఆమె నవ్వింది. ఈలోపల ఆవాలు మాడిపోయాయి. ఆ మాడు వాసనలోనే కూర్చుని చాలాసేపు ఆలోచించాను. నా జన్మకు నేను రాసింది ఒక్కటే. అది దయ్యం కథ అని అచ్చయ్యాకే నాకు తెలిసింది. అసలు అది కథేనా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

రాసింది మా యారాలు గురించి. అంటే మా ఆయన తమ్ముడి భార్య. ఇద్దరం జనగాం దిక్కు నుంచి ఒకే ఏడు ఇక్కడికి వచ్చి, నాచారంలో ఒక కారంపొడి కంపెనీలో ఒకే బల్ల దగ్గర కూర్చుని ప్యాకెట్లు నింపాం. ఆ షెడ్డులో గాలి కూడా ఎర్రగానే ఉండేది. సాయంత్రం స్నానం చేస్తే నీళ్లు మోదుగుపూల రంగులో పోయేవి. బస్సెక్కితే చుట్టుపక్కల వాళ్లు తుమ్మి తుమ్మి లేచిపోయేవాళ్లు, మాకు ఎప్పుడూ సీటు దొరికేది. ఆమె నాలుగో తరగతి దాకా చదివింది, నేను బడి మొహం చూడలేదు. బస్సు బోర్డు ఆమే చదవాలి, మందు చీటీ ఆమే చదవాలి. ఎవరూ అడగకపోయినా గోడల మీది పోస్టర్లు, మిర్చి బజ్జీల పొట్లాం కాగితాలు కూడా బయటికే చదివేది. నేను విసుక్కుంటే, "అక్కా, నీకు సదువు రాదు గని తిట్లు మాత్రం పుస్తకమంత వచ్చు" అనేది. కంపెనీలో ముక్కుకూ నోటికీ దస్తీ కట్టుకోకపోతే గంట కూడా కూర్చోలేం. నా కుడి భుజం పట్టేసి చెయ్యి వెనక్కి పోయేది కాదు. అందుకని రోజూ పొద్దున నా దస్తీ ఆమే కట్టేది. గట్టిగా గుంజి ముడేసేది, ఆ ముడిలో నా వెంట్రుక ఒకటి తప్పకుండా ఇరుక్కునేది. తరువాత మెడ మీద ఒక్కటి చరిచి, "ఇగ దమ్ము తీస్కో" అనేది.

ఆమె జ్వరంతో దవాఖానాలో చేరి రెండు రోజుల్లోనే పోయింది. మూడో రోజు పిట్టకు పెట్టాం. ఆమెకు ప్రాణమైన బోటి కూర వండి పెడితే, మేము ఇంకా విస్తరి సర్దకముందే కాకి వచ్చి ముట్టింది. ఆత్రం కూడా ఆమెదే అనుకున్నాం. నాలుగో రోజు నేను పనికి పోయాను. దస్తీ కట్టమని ఇంకొకరిని అడగబుద్ధి కాలేదు. మెడలో వేసుకుని కూర్చున్నాను. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, అది కారానికో దేనికో నాకే తెలియదు. కొంతసేపటికి తుమ్ములు రావడం లేదని గమనించాను. చెయ్యి పెట్టి చూసుకుంటే దస్తీ ముక్కు మీద ఉంది. వెనక ముడి గట్టిగా ఉంది, అందులో వెంట్రుక ఇరుక్కుని ఉంది. పక్కన ఉన్న ఆడవాళ్లను అడిగాను. ఎవరూ కట్టలేదన్నారు. పదకొండో రోజు దినాలు చేశాం. అప్పటిదాకా పనికి పోయిన ప్రతిరోజూ అట్లాగే అయింది. నేను ఎవరికీ చెప్పలేదు. నాకు భయం వేయలేదు కూడా. మనిషి పనికి వస్తోంది అనుకున్నాను, అంతే.

ఆమె పోయాక బస్సు బోర్డు చదివేవాళ్లు లేక, ఉప్పల్ పోవాల్సినదాన్ని ఒకసారి దమ్మాయిగూడ పోయి దిగాను. ఆ రోజు రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చినంత, ఆమె పోయిన రోజు కూడా ఏడవలేదు. తరువాత భుజం మరీ పట్టేస్తే కంపెనీ మానేసి, రిటైరైన సైంటిస్టు గారింట్లో వంటకు కుదిరాను. ఆ ఇంటి మేడమ్‌ది కాకినాడ వైపు. నా వంట అయ్యాక నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది. అప్పటికి నాకు యాభై ఆరు దాటాయి. ఒత్తులు, గుణింతాలు అయ్యాక రోజుకో పేజీ ఏదైనా రాయమంది. అందుకే ఇందులో సంగతి నాదైనా రాత తీరు ఆమెది. ఏం రాయాలో తోచక నేను దస్తీ సంగతి రాశాను. ఆమె కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివి, "ఇది నీకే జరిగిందా, ఊహించి రాశావా?" అని అడిగింది. జరిగిందన్నాను. ఆమె తనే తిరగరాసి ఒక పత్రికకు పంపింది. దానితోపాటు హామీ పత్రం పెట్టాలట. ఈ కథ నా సొంతమనీ, పూర్తిగా నా కల్పన అనీ, దేనికీ అనుకరణ కాదనీ నా చేతితోనే రాసి ఇవ్వాలి. మేడమ్ నమూనా రాసిచ్చింది. నేను చూచిరాతలో ఆరితేరినదాన్ని కదా, పేరు రాయాల్సిన చోట ఆమె పెట్టిన చుక్కలను కూడా లెక్క తప్పకుండా దింపాను. కింద "ఇక్కడ సంతకం చేయవలెను" అని కూడా రాశాను. నాకు అప్పటికి రాయడమంటే చూసి దింపడమే. దింపినదానికి జవాబుదారు కూడా నేనే అవుతానని తెలియదు.

పత్రిక వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో ఏదో దయ్యం పేరు. కింద బొమ్మలో జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, తెల్లచీర, వెనక్కి తిరిగిన పాదాలు. మా యారాలికి తెల్లచీర ఒక్కటి కూడా లేదు, చిలకపచ్చ అంటే పడిచచ్చేది. కారం పడుతుందని జుట్టు చుట్టూ గుడ్డ కట్టుకునే మనిషి, ఎప్పుడూ విరబోసుకోలేదు. పోనీ అనుకుని వేలు పెట్టి చదువుతూ పోతే చివరి ముక్క లేదు. ఎవరో వెనక నుంచి ముడేశారు, తిరిగి చూస్తే ఎవరూ లేరు, అన్న చోట అయిపోయింది. మేడమ్ ఫోన్ చేసి అడిగితే పేజీలో చోటు చాలలేదన్నారట.

ఆ పత్రిక పీర్జాదిగూడ దాకా పోయింది. మా యారాలి బిడ్డను అక్కడే ఇచ్చాం. తల్లి పోయాక ఆ పిల్లకు తల్లిగారిల్లంటే నా ఇల్లే. ప్రతి ఆదివారం తన బిడ్డను తీసుకుని వచ్చేది, నా భుజానికి నూనె రాసేది. ఆ వారం రాలేదు, ఫోన్ వచ్చింది. "పెద్దమ్మా, మా అత్త పదిమందిల అడిగింది. మీ అమ్మకు తీరని కోరికేమున్నదే, పిట్ట ముట్టలేదా ఏంది, దయ్యమై తిరుగుతున్నదట గద అని. నేనేం జెప్పాలె?" అంది. వెంటనే ఫోన్ పెట్టేసింది. తరువాత నాలుగు ఆదివారాలు రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు.

అప్పుడే మేడమ్ ఇంకో కబురు తెచ్చింది. ఎవరో పెద్దాయన ఏడాదిలో వచ్చిన భయానక కథలన్నీ ఏరి సంకలనం వేస్తున్నాడు, మనదీ తీసుకున్నాడు, నీ అనుమతి కావాలి, మళ్లీ హామీ పత్రం కావాలి అంది. ఆమె సంతోషం చూస్తే వద్దనడానికి నోరు రాలేదు. సరే అంటే పీర్జాదిగూడ తలుపు ఇక తెరుచుకోదేమోనని భయం. ఆలోచించి, నేను మొదట రాసిన నోటుబుక్కు సంచిలో వేసుకుని పీర్జాదిగూడ బస్సెక్కాను. బోర్డు నేనే చదివాను.

తలుపు ఆ పిల్లే తీసింది. నీళ్లిచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. వియ్యపురాలు సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను ఏమీ సంజాయిషీ చెప్పలేదు, నోటుబుక్కు తీసి పత్రికవాళ్లు వేయని ముక్క వేలు పెట్టి చదివాను. 'దినాలైనంక మర్నాడు పనికి పోయాను. దస్తీ మెడలోనే ఉంది. తుమ్ములు వచ్చాయి. సాయంత్రం దాకా చూశాను. అప్పుడు నాకు భయమైంది. ఇగ ఆమె రాదు.' అంతే ఉంది. చదవడానికి మాత్రం చాలాసేపు పట్టింది. వియ్యపురాలు, "గింత సదువనీకి గంట బట్టె. మా మనుమరాలు నయం" అంది. కానీ చిక్కుడుకాయలు తుంచడం ఆపేసింది. కాసేపటికి లేచి, కొత్తిమీర తెస్తానని కిందికి పోయింది. ఫ్రిజ్ మీద కొత్తిమీర కట్ట కనబడుతూనే ఉంది.

ఆ పిల్ల అప్పుడు నోరు విప్పింది. అత్త అన్నదాని గురించి తిడుతుందనుకున్నాను.

"గన్ని దినాలు నీ దగ్గరికి వచ్చింది. గా దినాలన్నీ నేను గా ఇంట్లనే ఉన్న పెద్దమ్మా. నా దగ్గరికి ఎందుకు రాలే?"

నీకు దస్తీ కట్టే పని లేకుండె గద బిడ్డా అన్నాను. అన్నాక అది ఎంత చేతగాని మాటో నాకే తెలిసింది. ఆమె ముక్కు తుడుచుకుని, "అయితే రాయి. నా దగ్గరికి గూడ వచ్చిందని రాయి. నువ్వు రాస్తే అచ్చయితది గద" అంది. వచ్చి ఏం చేసిందని రాయాలి అని అడిగాను. అది నీకే తెలవాలె అంది.

ఇంటికి వచ్చి మూడు రోజులు ఒక్క వాక్యం కోసం కూర్చున్నాను. జరిగింది రాయడం సులువే, జరగనిది రాయడానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి రాశాను: 'ఆ దినాల్లోనే ఒకనాడు ఆమె బిడ్డ అద్దం ముందు కూర్చుంటే, దువ్వెన ముట్టకముందే పాపిట తీసి ఉంది.' హామీ పత్రంలో 'నా కల్పన' అని ఈసారి తెలిసే రాశాను. కనీసం ఒక్క వాక్యానికైనా ఆ మాట సరిపోయింది. మిగతాదాని గురించి ఏం రాయాలో ఆ నమూనాలో లేదు. సంకలనం పెద్దాయన ఫోన్ చేసి, చివరి ముక్క తీసేద్దాం, భయం తగ్గిపోతోందమ్మా అన్నాడు. నాకు భయమైంది అక్కడే సార్, అది తీసేస్తే సంతకం పెట్టను అన్నాను. రెండు రోజుల తరువాత ఒప్పుకున్నాడు. ఫోన్ పెట్టేసే ముందు, "ఆ పాపిట వాక్యం దగ్గర మాత్రం ఒళ్లు జలదరించిందమ్మా. అనుభవించినవాళ్లు తప్ప అట్లా రాయలేరు" అన్నాడు.

పుస్తకం వచ్చిన వారం ఆ పిల్ల వచ్చింది. అప్పటి నుంచి ఆదివారాలు తప్పలేదు. పోయిన ఆదివారం నా భుజానికి నూనె రాస్తుంటే, ఆమె బిడ్డ అమ్మమ్మ గురించి అడిగింది. తల్లి నింపాదిగా చెప్పసాగింది. అమ్మమ్మ వచ్చిందట, కారం వాసన వచ్చిందట, కొబ్బరినూనెలో వేలు ముంచి పాపిట తీసిందట, తల ఎత్తమని గదమాయించిందట. నేను రాసినదాంట్లో వాసన లేదు, నూనె లేదు, మాట అసలే లేదు. చిన్నది ఆడుకోవడానికి పోయాక, నిజంగనే వచ్చిందా బిడ్డా అని మెల్లగా అడిగాను. ఆమె నన్ను వింతగా చూసి, "నువ్వే గద రాసినవ్ పెద్దమ్మా" అంది. ఆ గదమాయింపు మాత్రం అచ్చంగా మా యారాలిదే. పోయినవాళ్లు కాలం గడిచేకొద్దీ మాట తగ్గిస్తారనుకునేదాన్ని. మా యారాలు ఏటికేడు ఒక మాట ఎక్కువే మాట్లాడుతోంది.