గులాబీ గౌను రుచి

నా చిన్నప్పుడు జరిగిన ఒక రోత సంగతి చెబుతాను, కాస్త ఇటు జరిగి నా పక్కన కూర్చోండి. చేతిలో తినేది ఏదన్నా ఉంటే ముందు అది తినేసి రండి. సగంలో అన్నం పక్కన పెట్టాల్సి వస్తే నన్నే తిట్టుకుంటారు. ఇన్నేళ్లయినా ఆ గౌను తలపుకొస్తే నేను నోటి దాకా వచ్చిన ముద్ద పక్కన పెట్టేస్తాను.

అప్పుడు మేము పోర్టుబ్లెయిరులో షాదీపూర్ వైపు ఒక రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక మా వాళ్లు శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చారు. మా నాన్నకి ఫీనిక్స్ బే జెట్టీలో లస్కరు పని, అంటే పడవలకు తాళ్లు కట్టడం, డెక్కు కడగడం. మా మామ్మ, నాన్నను కన్న తల్లి, ఎండు చేపలు చేసి అమ్మేది. నెత్తళ్లకు ఉప్పు పట్టించి, చాపల మీద ఆరబోసి, ఉప్పు సరిగ్గా పట్టిందో లేదో నాలిక చివర తాకించి చెప్పేది. ఉప్పు తగ్గితే పురుగు పడుతుంది, ఎక్కువైతే ఎవరూ కొనరు. ఆ లెక్క ఆవిడ నాలికకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. ఎంత తోముకున్నా ఆ చేతుల వాసన మాత్రం పోయేది కాదు. ఆ చేతుల్లోనే పెరిగినదాన్ని, అది వాసనని నాకు బడికి వెళ్లేదాకా తెలియనే లేదు.

ఆ ఏడు అబర్డీన్ బజారులో కొత్తగా ఒక ఫ్యాన్సీ కొట్టు పెట్టారు. అంతకుముందు బజారంటే బియ్యం బస్తాలు, కొబ్బరి తాళ్లు, కిరసనాయిలు డబ్బాలు, తానుల్లోంచి గజాల లెక్కన కోసిచ్చే గుడ్డ. ఈ కొట్టుకు ముందంతా అద్దమే. లోపల ప్లాస్టిక్ పూల కుండీలు, పడుకోబెడితే కళ్లు మూసే బొమ్మలు, మూత తీస్తే పాట వినిపించే పెట్టెలు, గవ్వలు అతికించిన అద్దాలు, నైలాన్ చీరలు. పెళ్లికైనా పుట్టినరోజుకైనా బహుమతి అక్కడ కొంటేనే బహుమతి అన్నట్టు తయారయ్యారు జనం. అద్దం వెనకాల నా అంత ఎత్తున్న మట్టిబొమ్మకు గులాబీ రంగు గౌను తొడిగారు. కుచ్చుల మీద కుచ్చులు, నడుముకు పట్టు రిబ్బను. మేము పిల్లలం ముక్కులు అద్దానికి ఆనించి చూసేవాళ్లం. లోపలి మనిషి గుడ్డ పట్టుకుని వచ్చి మా ముక్కుల మచ్చలు తుడిచి పోయేవాడు.

బడిలో వార్షికోత్సవం దగ్గర పడింది. పాటకు ముందు వరుసలో నిలబడే ఆడపిల్లలు గులాబీ గౌన్లు వేసుకోవాలని మా పంతులమ్మ బహన్‌జీ చెప్పింది. గౌను లేనివాళ్లు వెనక వరుసలో కొమ్మలు పట్టుకుని చెట్లుగా నిలబడాలి. నేను అప్పటికి రెండేళ్లు చెట్టునయ్యాను. మూడో ఏడు కూడా కొమ్మ పట్టుకోవడం నా వల్ల కాదని ఇంట్లో తిండి మానేసి కూర్చున్నాను. అమ్మ ఒళ్లో చంటిపిల్లాడు, నాన్నకు పడవ. చివరికి మామ్మే నా చెయ్యి పట్టుకుని బజారుకు నడిపించింది.

కొట్టు లోపల అడుగు పెట్టగానే సెంటు వాసన ముఖాన కొట్టింది. ఏదో కొంచెం చల్లినట్టు కాదు, గోడలకు పూసినట్టు. నాకు అది స్వర్గంలా తోచింది. మామ్మకు ఊపిరి ఆడలేదు. ఆ సెంటు కింద ఇంకేదో వాసన ఉందని ఆవిడ ముక్కుకు అప్పుడే తట్టి ఉంటుంది. కొట్టు సేటు బల్ల మీద ఒక ఫ్యాను ఉంది, అది ఆయన ముఖానికే తిప్పి ఉంది. అది కాస్త ఇటు తిప్పమని మామ్మ తనకొచ్చిన హిందీలో అడిగింది. "భయ్యా, జర గాలీ దేవ్."

హిందీలో గాలిని హవా అంటారు. గాలీ అంటే తిట్టు. ఈ దీవుల్లో మన వాళ్లకు ఈ మాట దగ్గర నోరు జారడం కొత్తేమీ కాదు, విన్నవాళ్లు నవ్వి ఊరుకుంటారు. ఆ సేటు ఊరుకోలేదు. తిట్లు కావాలా నీకు, ఇస్తాను తీసుకో అని, సూఖీ మఛ్లీ, ఎండు చేపా, ముందు దూరంగా నిలబడు, నీ ఒంటి కంపు నా బట్టలకు అంటుకుంటుంది అన్నాడు. దాని తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు, అది మీ ముందు పలకను. కొనడానికి వచ్చిన ఆడవాళ్లు చాలామంది నవ్వారు.

నవ్వనివాళ్లలో మా బడి తెలుగు మాస్టారి భార్య ఒకావిడ. ఆరేళ్ల చిన్న కూతురిని వెంటపెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల కూడా పాటలో ముందు వరుస చివర నిలబడాలి. ఆవిడే మామ్మ దగ్గరికి వచ్చి, మీరన్న మాటకు ఇక్కడ అర్థం ఇదండీ అని మెల్లగా చెప్పింది. మామ్మ విని తల ఊపింది.

"నానడిగింది గాలి తల్లీ. ఆయన కాడ ఉన్నదే ఆయనిచ్చాడు."

గౌను తెచ్చి బల్ల మీద పరిచారు. మామ్మ దాన్ని తిరగేసింది. పైన నెట్టు గుడ్డ ఎంత మెరుస్తున్నా లోపలి నూలు లైనింగులో, మడత దగ్గర, పాత కల్లు కుండ మచ్చలాంటి గోధుమ గీత ఒకటి ఉంది. కుచ్చు విదిలిస్తే నల్లటి గింజలు నాలుగు బల్ల మీద రాలాయి. సేటు వాటిని దుమ్మని చెప్పి అరచేత్తో కిందికి తోసేశాడు. దుమ్ము అంత గుండ్రంగా ఎక్కడైనా ఉంటుందా. అప్పుడు మామ్మ ఆ లైనింగు అంచు ఎత్తి, నెత్తళ్లను చూసినట్టే, నాలిక మీద పెట్టుకుంది.

కొట్టంతా ఛీ అంది. ఒకావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మామ్మ ముఖంలో ఏ మార్పూ లేదు. అంచు ఇంకోవైపు తిప్పి నా ముందు పట్టింది.

"నువ్వు సూడే పిల్లా. నాలిక మీద ఎట్టుకుని సెప్పు. నువ్వు ఎలా సెప్తే అలాగే సేద్దాం."

అందరూ చూస్తున్నారు. పెట్టుకున్నాను. ముందు సెంటు చేదు తగిలింది. తర్వాత ఉప్పు, సముద్రంలో మునిగినప్పుడు నోట్లోకి వచ్చేలాంటి ఉప్పు. దాని వెనక ఇంకొకటి, వెచ్చగా, మగ్గిపోయి, బియ్యం బస్తాల అడుగున ఎలుకలు తిరిగిన చోట వచ్చే వాసన, నాలికకు రుచై అంటుకుంది. అది ఉమ్మేయాలి. ఉమ్మేస్తే నేను మళ్లీ చెట్టునవుతాను. నోట్లో ఉన్నది మింగేశాను. ఆ మింగడం ఇప్పటికీ గొంతులో తెలుస్తుంది నాకు.

"తియ్యగా ఉంది మామ్మా," అన్నాను.

సేటు పకపకా నవ్వి, చూశారా, ముసలమ్మకన్నా పిల్లకే తెలుసు అన్నాడు. మామ్మ ఆ అంచును నా ముందు నుంచి తీసి మడత పెట్టింది. తర్వాత కొంగుముడి విప్పి గౌను కొంది. మాస్టారి భార్య చేతిలో అదే రంగు గౌను, చిన్న సైజుది, అప్పటిదాకా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. నోట్లో పెట్టుకుని మరీ చెప్పింది పిల్ల, ఇంకా అనుమానం దేనికని ఆవిడ దాన్ని కట్టించేసుకుంది. మామ్మ నోరు తెరవబోయి మూసుకోవడం నేను చూశాను. చూసి, తల తిప్పుకున్నాను.

సాయంత్రం నాన్న వచ్చి పొట్లం విప్పి, ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుని విసిరికొట్టాడు. ఆ బట్ట ఎక్కడిదో ఆయనకు తెలిసిపోయింది. గాలివానలో ఓడ అడుగున నీళ్లు చేరి తడిసిన బట్టల మూటలు జెట్టీ మీద నెలరోజులు పడి ఉన్నాయట. వాటిలో ఎలుకలు పిల్లల్ని పెట్టాయట. ఎవరో వచ్చి వాటిని కారుచౌకగా ఎత్తుకుపోయారట. నువ్వు ఉండి కూడా ఎలా కొన్నావమ్మా అని నాన్న అడిగితే, పిల్ల తియ్యగుందంది అని ఒక్క మాట చెప్పి మామ్మ లోపలికి పోయింది. అయినా అదే వేసుకుంటానని నేను మొండికేస్తే గౌనును రెండుసార్లు ఉతికింది. ముసురు రోజులు, ఎంత ఆరేసినా చెమ్మ వదల్లేదు, ఆ కంపూ వదల్లేదు.

వార్షికోత్సవం నాడు ముందు వరుసలో నిలబడ్డాను. రేకుల పందిరి, జనం, ఉక్క. చెమట పట్టేకొద్దీ గౌను మేలుకుంది. తడిసిన కుక్క, మురిగిన బస్తా, వాటి మీద సెంటు, అన్నీ కలిసి నా మెడ మీదుగా పైకి వచ్చాయి. పక్కపిల్ల ముక్కు మూసుకుని జరిగింది. వరుస చివర మాస్టారి కూతురు పాట ఆపేసి వీపు గోక్కోవడం మొదలుపెట్టింది, ఏడ్చింది, ఆ తర్వాత తన గౌను మీదే కక్కుకుంది. బహన్‌జీ వచ్చి మా ఇద్దరినీ రెక్కలు పట్టుకుని కిందికి దింపింది. ముందు వరుస చెదిరిపోయి, మిగిలిన పాటంతా వెనక చెట్లే పాడాయి.

మర్నాటికి నా చంకల్లో, మెడ చుట్టూ ఎర్రటి దద్దుర్లు. దాచుకున్నాను. మామ్మ కంట పడక మానుతుందా. కూర్చోబెట్టి కొబ్బరినూనె రాసింది, తిట్టలేదు. చేతులు తుడుచుకుని "పద" అంది.

మాస్టారి క్వార్టరు దాకా నడిచాం. అక్కడ ఏం మాట్లాడాలో మామ్మ నాకు నేర్పలేదు. తలుపు తీసిన మాస్టారి భార్య కాళ్ల వైపు చూస్తూ చెప్పాను. "అమ్మగారూ, ఆ రోజు ఆ గౌను ఉప్పగా ఉంది. ఎలుక కంపు కొట్టింది. నాకు తెలిసే తియ్యగా ఉందని చెప్పాను."

ఆవిడ నన్ను వదిలి మామ్మ వైపు తిరిగింది. "ఇది పసిపిల్ల. మీకు తెలుసు కదండీ మామ్మగారూ. నేను కొంటుంటే చూస్తూ ఎలా ఊరుకున్నారు?"

"నలుగురిలో నా మనవరాలి మాట అబద్దమని అనడానికి నాకు నోరు రానేదు తల్లీ," అంది మామ్మ. "దాని తప్పుకన్నా నాదే పెద్దది."

పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోగా వినడం నాకదే మొదలు. ఫర్వాలేదులెండి అని ఆవిడ అనలేదు. అనాలని మేము వెళ్లనూ లేదు. గుమ్మంలోంచి పక్కకు తప్పుకుని లోపలికి దారి ఇచ్చింది. చాప మీద ఆ పిల్ల బోర్లా పడుకుని ఉంది. వీపంతా తెల్లమందు పూశారు. గోళ్లతో గీరుకున్న చోటల్లా మందు పగిలి నీరు కారుతోంది, ఈగలు వాలుతుంటే ఎవరో అట్టముక్కతో విసురుతున్నారు. మందు వాసనా పుండు వాసనా కలిసిన గది. ఆ పిల్ల తల ఇటు తిప్పి నా మెడ మీద దద్దుర్లు చూసింది.

"దీదీ, నీకూ దురదేనా?" అంది. "గోక్కోకు, బాగా మండుతుంది."

నేను పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. మామ్మ వెనకే వచ్చి నా నుదురు పట్టుకుంది. అప్పుడు ఆ చేతుల చేపల వాసనే నాకు ఊపిరి తెప్పించింది. 

గౌనును పొయ్యిలో పెడితే పై నెట్టు కాలలేదు, నల్లగా కరిగి బొట్లు బొట్లుగా కారి మూడు రోజులు వంటిల్లంతా కంపు కొట్టింది. ఆ పిల్లకు నెల దాటాక నయమైంది. ఆ కొట్టు మూతపడిందనుకునేరు, అదేమీ లేదు, పక్క గది కూడా తీసుకుని పెద్దదైంది. నేను మాత్రం దాని ముందు నుంచి నడిచినప్పుడల్లా వీధి దాటి అవతలి వైపుకు వెళ్లేదాన్ని. ఆ సేటంటే రోత ఉండేది, నిజమే. అంతకన్నా నా నోరంటే నాకు రోత ఉండేది, అది పోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు బజారు నిండా అద్దాల కొట్లే. పోయిన పండక్కి నా మనవరాలు నన్ను ఒకదాంట్లోకి లాక్కుపోయింది. ఒక గౌను తొడుక్కుని పరదా పక్కకు తీసి, ఎలా ఉంది నానమ్మా అంది. చుట్టూ ఉన్నవాళ్లందరూ సూపర్ అన్నారు. భుజం దగ్గర కుట్టు లాగేస్తోంది, గుడ్డ మీద మరక ఉంది, రెండూ చెప్పాను. అమ్మే అమ్మాయి మూతి ముడుచుకుంది. నన్ను ఇంకోసారి తీసుకురానని నా మనవరాలు విసుక్కుంది. విసుక్కోనీ. ఎవరన్నా నన్ను ఎలా ఉందని అడిగితే నా కళ్లకు ముందు ఆ చాప మీది వీపే వస్తుంది. నా మాట పట్టుకుని వెనక ఎవరు ఏది కొనుక్కుంటున్నారో నాకేం తెలుసు.

ఓపిగ్గా విన్నారు, ఇక లేవండి. మీ ఇంట్లో పిల్లల ఒళ్లు చల్లగా ఉండాలి, మీ పెద్దవాళ్ల చెయ్యి వాళ్ల నుదుటి మీద ఉండాలి, మీ గడపలోకి వచ్చిన ఏ వస్తువూ మీకు కీడు చేయకుండా మీ ఇల్లు పదికాలాలు పచ్చగా ఉండాలి.